తరుగు

ముంగీసు ఒగ్గీసిన కోడిని
ఎలాగెత్తుకోవాలో నాకెవులూ సెప్పనేదు.
రెక్కలు రెండూ ఒంటికి ఒత్తి
తలకాయి సంకలోకి తోసేస్తే
సీకటయిపోనాదనుకుని ఊరుకుంటాది.
ముగ్గురు గుంటల్ని పెంచిన సేతులు,
వాటికే తెలిసిపోనాది.

పొందూర్లో ఇంకా తెల్లారనేదు.
రాట్నం గోడకే ఆనుకునున్నాది.
మైల పెట్ట ఈపు మీద పళ్ళ గాట్లు నాలుగు,
ఎడం కాలు ఏలాడతంది.
"ఆదివారం దాకా ఉంటాదేటి, ఇయ్యాలే కోసీ"
అన్నాడు అసిరయ్య, ఏపపుల్ల నముల్తూ.
నాను మాటాడనేదు.
కోడి కన్ను పక్కకి సూస్తాది గదా,
అది అతగాడికేసీ సూడనేదు, నాకేసీ సూడనేదు.
దానికి కనపడింది మా సూరు కాబోలు.

నీళ్ళు కాసినాను, కల్లుప్పేసినాను,
మోచెయ్యి ముంచి ఏడి సూసినాను.
కడిగితే ముందు ఎర్రనీళ్ళు,
తరవాత రోజాపువ్వు నీళ్ళు,
తరవాత ఉత్తి నీళ్ళు.
గాయం సుట్టూరా ఈకలు కత్తెరతో తీసినాను.
పీకితే నొప్పి, అది తెల్దేటి ఎవులికైనా.
ఇంక పసుపద్దడానికి దూది గావాల.

దూదికి తక్కువేటి మా ఇంట్లో!
కాని అది నాది కాదు.
సంఘం వోలు తూకమేసి ఇచ్చిన కొండపత్తి,
నూలయ్యాక మళ్ళీ తూకమేసే తీసుకుంటారు.
వాలుగ సేప దవడతో నిడిపి నిడిపి
నిన్న సాయంత్రానికి మంచులాగ సేసినాను.
అందులోంచి సిటికెడు తీసినాను.
ఇంకో సిటికెడు.
నూరో నంబరు నూలవ్వాల్సిన దూది
కోడి ఈపు మీద పచ్చగా అంటుకుపోనాది.
ఏ బుగత పంచెలోనో
అరంగుళం తరుగు.

కాలికేటి కట్టడం?
ఏకులు దాసుకునే ఎండు అరటిదొప్ప ఉన్నాది,
మెత్తగానే ఉంటాది, వొంగమంటే వొంగదు.
సీల్చి, కాలు నిలబెట్టి,
పాత సిలప నూలుతో సుట్టినాను.
బిగిస్తే గోళ్ళు నల్లబడతాయి,
ఒదిలితే జారిపోతాది.
ఆ రెండిటి మద్దిన ఎక్కడో ఉంటాది బిగువు,
దారం తీసే ఏలుకి తెలుస్తాది గానీ
నోటితో అడిగితే నాను సెప్పలేను.

బెల్లం నీళ్ళు ముక్కు పక్కనుంచి
బొట్టు బొట్టుగా ఒదలమన్నాడు
పసువులాస్పత్రి కాంపౌండరు, ఫోన్లో.
గొంతులోకి గుమ్మరిస్తే ఊపిరాగిపోతాదంట.
"గాయం ఫోటో పెట్టమ్మా" అన్నాడు.
మా ఫోనుకి కళ్ళు నేవు బాబూ అన్నాను.

నాలుగోనాడు రెట్ట ఆకుపచ్చగా ఏసినాది.
అయిదోనాడు నూకలు ముట్టనేదు.
రేతిరి గంప ఎత్తి
మెడ కింద సంచి తడిమితే
ఖాళీ జేబులాగున్నాది.
గంజిలో తోటకూర పిసికి, ఏలి కొసన పెట్టి,
తిను తల్లీ అన్నాను.
తిననేదు.
ఒలె ముండా, తిను అన్నాను.
పొడిసినాది.
ఏలి మీద రగతం సుక్క సూసి
నాను పెట్టిన కేకకి
పక్కింటి లచ్చుంభుక్త దీపమేసుకుని వొచ్చినాడు.

అసిరయ్య రెండు ఆదివారాలు అడిగినాడు.
మూడో ఆదివారం పరిగిపిల్లలు తెచ్చుకున్నాడు.

కట్టిప్పిన రోజు
అది మూడడుగులేసి, పడి, లేచి,
సరాసరి నా పీటకాడికి వొచ్చి
వాలుగ దవడ నోట కరుసుకుని పరిగెట్టినాది!
దవడంటే ఏటనుకున్నారు,
గోదారి నుంచి మడిసి తేవాల, బేరమాడి కొనాల.
కుంటికోడి ముందు, మోకాలునొప్పుల నాను ఎనక,
ఈదీదంతా అరుగుల మీదికొచ్చి సూసినాది.
మంచం కింద దొరికినాది దవడ,
రెండు పళ్ళు ఊడి.

ఆ నెల నూలు తూకంలో తగ్గినాది.
గుమస్తా కళ్ళజోడు పైకెత్తి
ముల్లు సూసినాడు, నన్ను సూసినాడు.
"దూది ఏటయిపోనాది తవిటమ్మా?"

నడుస్తంది బాబూ, అన్నాను.