తేమ శాతం

ఇక్కడ తారీకులుండవు.
గోడ మీది తెల్లబోర్డు మీద
మైనస్ ఐదు, మైనస్ నాలుగు అని రాస్తుంది రోసాల్బా.
ఇండియానాపొలిస్ ఊరంతా ఫిబ్రవరిలో ఉంది,
నేను మాత్రం మైనస్ మూడులో ఉన్నాను.

నా పేరు లైల్ బ్రూబేకర్. ముప్పై ఒకటి నడుస్తోంది.
లారీలో వచ్చిన మొక్కజొన్న గుప్పెడు తీసి
మీటర్లో పోసి తేమ చెప్పడం నా కొలువు.
పదిహేను దాటితే ధర కోస్తాను.
అంకె చెప్పేటప్పుడు రైతు మొహం చూడకూడదు,
అది వర్జిల్ నేర్పిన మొదటి పాఠం.

నా డాక్టరుకీ ఎవరో అదే నేర్పినట్టున్నారు.
కాగితం చూసి అంకె చెప్పి
ఆ తర్వాతే నా వైపు తిరుగుతాడు.

ఆ అంకె గర్భిణుల రక్తంలో పెరిగేదట.
ముందటేడు అక్టోబరులో తెలిసినప్పుడు
వర్జిల్ టోపీ తీసి తొడమీద కొట్టుకుంటూ నవ్వాడు,
"పేరేం పెడుతున్నావురా?"
నాలుగు విడతల మందుకి అది దిగింది.
నా చెవుల్లో కీచురాళ్లను వదిలిపెట్టి
పది నెలలు నేలకి కరుచుకుని పడుకుంది.
మొన్న నవంబరులో, ఆఖరి లారీ తూచిన వారమే
లేచి కూర్చుంది.
ఈసారి వర్జిల్ పేరు అడగలేదు.

"ఈ మోతాదుకి ఎముకల్లో మూలుగ మిగలదు," అన్నాడు డాక్టరు,
"అందుకే ముందుగా మీవి తీసి దాచి
తర్వాత మీకిచ్చేస్తాం."
తాకట్టు కొట్టువాడి మాటలా ఉంది.
సంతకం పెట్టాను.

మెడ దగ్గర గొట్టం గుచ్చి
ఐదు గంటలు నా నెత్తుటిని చెరిగిందొక యంత్రం,
చేటలో పోసి చెరిగినట్టే,
తనకి కావలసింది సంచిలో మిగుల్చుకుని
తక్కినదంతా నాకే విసిరేస్తూ.
మూలకణాలట. పలచటి టమాటా చారులా ఉన్నాయి.
రెండు వాటాలు చేసి
పొగలు కక్కే చలిలో మూతపెట్టారు.

మొదటి ఆపరేషన్‌కి ముందు
ఇంకో ఫ్రీజర్లో ఇంకోటి దాచాను.
టెస్సా వెళ్లిపోయినా ఏటా అద్దె కడుతున్నాను.
ఒకే మనిషి రెండు చోట్ల గడ్డకట్టి ఉన్నాడని
మా ఊళ్లో ఎవరితోనూ అనలేదు.

సున్నా రోజు.
గోరువెచ్చని నీళ్లలో సంచి కరిగించి
కొక్కేనికి తగిలించింది రోసాల్బా.
పూజ లేదు, బాజా లేదు. ఇరవై నిమిషాలు.
"వాసనొస్తుంది, భయపడకండి,
కొందరికి వెల్లుల్లి, కొందరికి ఉడికిన జొన్న."
నాకు తెలియని వాసనా అది!
తడి గింజ ఉక్కు గాదెలో వేడెక్కి
రేపో మాపో పాడవబోయే ముందటి తీపి.
నా ఒంట్లోంచే, నా ఊపిరిలోంచే.
కళ్లు మూసుకుని వాసన పీల్చి
"పద్దెనిమిది శాతం," అన్నాను.
"ఏమిటి?" అంది.
ఇలాంటి సరుకుని ఎన్నిసార్లు వెనక్కి పంపానో,
ఆరబెట్టి తీసుకురా పో అని.
"ఏం లేదు. దింపుకుంటున్నాను."

ప్లస్ నాలుగు నుంచి నాకు సరిగ్గా గుర్తులేదు.
ఉమ్మి మింగడం ఒక రోజు పని.
దిండు మీద జుట్టు, అది రెండోసారి గనక
దానికి పెద్దగా బాధపడలేదు.
వర్జిల్ మాస్కు కట్టుకుని వచ్చి
కుర్చీలో నిద్రపోయి
లేచి, గోధుమ ధర చెప్పి వెళ్లాడు.
తెల్లకణాలు సున్నా.
సున్నా.
మర్నాడూ సున్నాయే,
అంతకంటే తక్కువ రాయడానికి అంకె లేదు గనక.

ప్లస్ తొమ్మిది తెల్లవారుజామున
రోసాల్బా బోర్డు మీద ఓ మూల
ఎవరో నిద్రలేస్తారేమో అన్నంత చిన్నగా రాసింది:
నలభై.
రాసి, నా మొహం చూసింది.
ఈ పనిలో అలా చూడకూడదని
ఆమెకెవరూ చెప్పినట్టు లేదు.

ఇంకో సంచి ఉంది.
ఆ గర్భిణుల అంకె సంగతి ఇంకా తెలియదు.
నాలుగు వారాలాగి బోర్డు తుడిచి
మళ్లీ మైనస్ ఐదు.