చేపల పెట్టెలో చుట్టలు

దాలమ్మప్ప చుట్టల కట్టలు ఒళ్లో వేసుకొచ్చి
నా ఐసుపెట్టె మూత తనే ఎత్తింది.
"మూడ్రోజులుంచు కూర్మా. అడుగున, గడ్డ కట్టే చోట."
చేప వాసన పట్టదా అన్నాను.
"మూడు కవర్లేసి ముడేసినాను.
నీ వాసన నాకు రాదు, నా పురుగు నీకు రాదు."

పురుగుని అరచేతిలో చూపించింది.
ఆవగింజంత, వక్క రంగు.
వేలు తగలగానే తల లోపలికి ముడుచుకుని
సమను తెచ్చిన బంట్రోతుని చూసి
నిద్ర నటించేవాడిలా పడుకుంది.
పెద్దయ్యాక ఏమీ తినదట.
తిండంతా పిల్లప్పుడే, ఆకు పొరల్లో,
తెల్లగా, వంకరగా, నూగుతో.
బయటికొచ్చేటప్పుడు సూదిబెజ్జం ఒకటి చేసుకుంటుంది.
ఆ బెజ్జం మనకి కనపడిందంటే
భోజనాలయ్యాక బిల్లు వచ్చినట్టే.

చైత్రం దాటితే మహేంద్రతనయలో ఇసుకే పారుతుంది.
పర్లాకిమిడి రేకుల కొట్లలో
గుడ్డు పొదగడానికి తల్లి అక్కర్లేదు.
వానలు పడ్డాయా, ఇంకో బాధ, బూజు.
ఎండితే పైఆకు పగులుతుంది, తడిస్తే పాచిపోతుంది.
మధ్యలో సన్నటి వరిగట్టు.
నలభై ఏళ్లుగా దానిమీదే ఆవిడ నడక,
ఒక కుండ, ఒక వెదురు చట్రం,
చట్రం కింద తడిపి పిండిన గోనె ముక్కతో.

బరంపురంలో చదివే మనవడు తారకేసు
గాలిలో తేమ చెప్పే బిళ్ల ఒకటి తెచ్చాడు.
దాని నిజం తేల్చడానికి
సీసా మూతలో ఉప్పు, ఉప్పు మీద నాలుగు చుక్కల నీళ్లు,
రెండింటినీ డబ్బాలో మూసి రాత్రంతా ఉంచాడు.
డెబ్బై అయిదు చూపాలట. ఎనభై చూపింది.
"అయిదు అబద్ధం," అందావిడ.
"పర్లేదు. ఎంత అబద్ధమో తెలిస్తే
మొగుడితోనే కాపరం చేసినాను."

ఆవిడ కొలత వేరు.
చుట్టని చెవి పక్కన పెట్టి రెండు వేళ్లతో తిప్పుతుంది.
గరగరమంటే ఎండింది. ఊరుకుంటే తడెక్కువ.
గుసగుసలాడితే కట్ట కట్టొచ్చు.
ఒకప్పుడు నోటితోనే తెలిసేది,
నిప్పు లోపలికి తిప్పి, అడ్డపొగ,
వాళ్లమ్మ నేర్పిన విద్య.
మూడేళ్ల కిందట బరంపురం పెద్దాసుపత్రిలో
అంగిట్లో తెల్లమచ్చ చూసి
డాక్టరు ఓ ముక్క కోసి పరీక్షకి పంపాడు.
అప్పట్నుంచీ చుట్ట చెవి దగ్గరే ఆగిపోయింది.
మరి అమ్ముతున్నావేం అని నేనడగలేదు.
కొనేవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండో రాత్రి కరెంటు పోయింది.
ఐసు గడ్డలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను.
"చేపలకి లేని కంగారు చుట్టలకేటి?" అంది లచ్చుము.
కరిగితే లెక్క మళ్లీ ఒకట్నుంచి కదా.

నాలుగోనాడు కట్టలు తీసి
ఎండలో పెట్టనివ్వలేదు.
ఒకరోజు ఇంట్లో చిన్న ఫ్రిజ్జులో, తర్వాత నీడలో,
జ్వరం తగ్గిన పిల్లని వాకిట్లోకి తెచ్చినట్టు.

పురుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?
ఆకు అమ్మిన బనమాలి సాహు దగ్గర్నుంచే అని
వారం రోజులు బజార్లో తిట్టింది,
మొదలు ఒడియాలో, మంటెక్కువైతే తెలుగులో.

ఆదివారం పసుపు డబ్బా తీసింది.
గుమ్మ కొండల నుంచి సవర ఆడమనిషి
తెచ్చిచ్చిన కొమ్ములు,
అమ్మవారికని ఎత్తిపెట్టినవి,
చుట్టల కుండ పక్కనే, ఏడాదిగా.
ఒక కొమ్ము తట్టింది.
పొడి రాలింది, పొడిలోంచి
వక్క రంగు గింజలు నడిచాయి.

చాలాసేపు అలా కూర్చుంది.
తర్వాత మంచి కట్ట ఒకటి ఏరి, చెవి దగ్గర తిప్పి,
సాహు గల్లాపెట్టె మీద పెట్టి
ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చేసింది.

పసుపు కూడా ఇప్పుడు నా పెట్టెలోనే.

నిన్న ఒకాయన పండుగప్ప కొని
ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపాగి,
ఇది ఏ ఏటి చేప అని అడిగాడు.