అర లీటరు

మలక్‌పేటలో నల్లా రాక ఇది మూడో రోజు.
సంపు మూత లేపి వంగితే
అడుగున నా మొహం సగమే కనబడింది.

పైన ఐదు డయాలిసిస్ మిషన్లు.
ఒక్క మనిషి రక్తం కడగాలంటే
నాలుగు గంటలకి నూట ఇరవై లీటర్లు.
అదే మనిషి తాగడానికి, రోజుకి అర లీటరు.
కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ లెక్క నేనే చెప్పాలి.
చెప్పేముందు నా బాటిల్
టేబుల్ కిందికి తోసేస్తాను.

రెండో మంచం ఖుద్దూస్ భాయ్‌ది.
చంచల్‌గూడలో రేడియేటర్లు బాగుచేసేవాడు.
"నడిరోడ్డు మీద బండి పొగలు కక్కేది
పెట్రోల్ లేక కాదు బేటీ, నీళ్ళు లేక."
ఇప్పుడు ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడడు.
కరిగాక అన్నాడు:
"రోజా అందరికీ మగ్రిబ్ దాకే.
నాది ఏడాది పొడుగూ."

వేలితో నొక్కితే ఆయన పాదం మీద
గుంట పడి అలాగే ఉండిపోతుంది,
వానకి తడిసిన మట్టిలా.
లోపలంతా నీళ్ళే. నాలుక మాత్రం బీడు.
"గోడకి నిలబడి పోసేవాళ్ళని తిట్టకండి,
వాళ్ళెంత అదృష్టవంతులో వాళ్ళకి తెలీదు"
అంటే అన్ని మంచాలూ నవ్వాయి.
నాలుగో మంచం సాయవ్వ కూడా,
కొంగు నోటికడ్డం పెట్టుకుని.

పదకొండు నలభైకి ట్యాంకర్.
పైపు సంపులోకి దిగి
మొదటి ధార సిమెంటు మీద పడిన చప్పుడుకి
ఐదు తలలూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగాయి.

మిషన్‌కి పనికిరాని నీళ్ళు మేడ మీద
పెయింటు డబ్బాల్లోకి వదులుతాను.
పుదీనా తాగుతుంది, తేనెటీగలు తాగుతాయి,
పైపు అతుకు దగ్గర నాచు,
ఎవరూ నాటని రావి పిలక ఒకటి.
వీటికి ఎవరు కొలిచి పోశారని.

దిగేముందు తూకం వేశాను:
రెండు కిలోల నాలుగు వందలు తగ్గాడు.
"అదంతా ఎటు పోయింది?"
"డ్రైనేజీలోకి, భాయ్."
"అంటే మూసీలోకి. అటునుంచి
సూర్యాపేట దాకా పోతుంది చూడు.
ఏ మడిలోనో వరి తాగుతుందిలే,
నేను తాగనిది."

ఆయన ఆటో ఎక్కాక
మెట్ల మలుపులో బాటిల్ ఎత్తాను.
లెక్కపెట్టకుండా తాగుదామనుకున్నాను.
ఏడు గుటకలు.