రావలసినవి

పోర్టులో లారీల కాటా దగ్గర
ముప్పై ఒక్కేళ్లు కూర్చున్నాను.
బండి నిండుగా ఎక్కేది, ఒట్టిగా ఎక్కేది,
రెండంకెల మధ్య తేడాయే బొగ్గు.
చీటీ మీద రాసింది బొగ్గు కాదని
నాకు తెలియనిది కాదు.
అయినా రిటైరైన డబ్బు పెట్టి చీటీలే కొన్నాను:
ఆరిలోవ కొండ కింద అద్దాల ఆసుపత్రి,
తూర్పుతీరం హాస్పిటల్స్ లిమిటెడ్,
మూడు వందల షేర్లు, ఒక్కోటి నూట తొంభై రెండు.

అప్పటికే సగానికి పడి ఉంది.
పడినదాన్నే కొనాలన్నాడు డాబాగార్డెన్స్ బ్రోకరు కామేశు.
"సర్కారు బాకీ సార్, ఎగ్గొట్టేది కాదు, ఆలస్యం, అంతే.
బిల్లు పాసైన రోజు చూడండి,
షేరు కైలాసగిరి రోప్‌వే ఎక్కుతుంది."

వార్షిక నివేదిక భూతద్దం పెట్టి చదివాను.
నూట పద్దెనిమిదో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాలు:
ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద రావలసినవి
రెండు వందల పద్నాలుగు కోట్లు.
అందులో మూడోవంతు వివాదమందున్నది.
వసూలు కాగలదని యాజమాన్యం నమ్ముచున్నది.

ఆ 'నమ్ముచున్నది' దగ్గర నా వేలు ఆగింది.
కాటా మీద ఎవడూ నమ్మడు.
ముల్లు నిలబడేదాకా చూస్తాడు.

రెండేళ్లు చూశాను.
పొద్దున్నే బీచ్ రోడ్డు నడక,
సబ్‌మెరైన్ ఎదురుగా గట్టు మీద కూలబడి
ఫోను తీయడం.
మంత్రి నోరు విప్పితే నాలుగు రూపాయలు పైకి,
ఆర్థిక శాఖ కొర్రీ వేస్తే ఆరు కిందికి.
ఎక్కడో ఒక ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్లకి
జరిగీ జరగనట్టు జరుగుతుంటే
ఇక్కడ నాకు బీపీ మాత్ర పెరిగింది.

ఆ సోమవారం పోలమ్మ వచ్చి పిలిచింది.
మైలపల్లి పోలమ్మ, పెదజాలారిపేట,
పద్నాలుగేళ్లుగా మా వీధికి చేపలు తెస్తుంది.
మొగుడు ఎర్రయ్యకి వారానికి మూడుసార్లు రక్తం కడగాలి,
కార్డు మీద, ఆ అద్దాల ఆసుపత్రిలోనే.
"ఏటో కాయితం అంటించేసినారు బాబూ,
ఒకపాలి వచ్చి సదివి సెప్పండి."

చదివాను.
బకాయిలు అందనందున నేటి నుండి
కార్డు కేసులు తీసుకొనబడవు.
పైన బొమ్మ: అలా, దీపమూ.
మా ఇంట్లో నివేదిక అట్ట మీద ఉన్నదే.
కౌంటరు పిల్ల కసురుకోలేదు.
మందులవాళ్లు అప్పు ఆపేశారంది, తనకీ
మూడు నెలల జీతం రాలేదంది, మెల్లగా.

జేబులో ఫోను వణికింది. కామేశు.
"తొమ్మిది శాతం లేచింది సార్!
కార్డు కేసులు ఆపేశారుగా, మార్కెట్‌కి నచ్చింది.
ఇప్పుడే అమ్మకండి."

మెట్ల మీద ఎర్రయ్య,
ఉబ్బిన కాళ్లకి పట్టని చెప్పులు చేత్తో పట్టుకుని.
పోలమ్మ అద్దాలకేసి తలెత్తి అడిగింది:
"ఇంతాసుపత్రి, ఎవులిది బాబూ?"

మూడు వందల షేర్లకి ఎంత వంతొస్తుందో
లెక్క కట్టాను, పాడలవాటు.
ఒక మంచం కూడా రాదు.
మహా అయితే మంచం కోడు.
"ఎవరెవరిదో" అన్నాను.

ఆటోలో కేజీహెచ్‌కి.
హనుమంతవాక దగ్గర బళ్లు నిలిచిపోయి
ఎర్రయ్య నా భుజం మీద తల వాల్చాడు.
వాళ్లూ తూస్తారట, కడగక ముందొకసారి, కడిగాక ఒకసారి.
పోయినసారి తేడా రెండు కిలోల ఎనిమిది వందలని
మొత్తం లోడు అప్పజెప్పినవాడిలా చెప్పాడు.
ఈసారి బండి నిండుగానే ఉంది.
వరసలో మా నంబరు నలభై మూడు.
రాత్రి పదకొండున్నరకి పిలిచారు.

ఇంటికొచ్చి ఫోను తెరిచాను.
అమ్మకం మీట ఎర్రగా ఉంది.
మార్కెట్ మూసేసి ఎనిమిది గంటలైందని
అప్పుడు గుర్తొచ్చింది.

గురువారం పోలమ్మ కానాగంతలు తెచ్చింది.
పాత బాకీ ఎంతని అడిగాను.
"నూటరవై. ఎక్కడికి పోద్ది బాబూ,
ఉన్నప్పుడియ్యండి."
తట్ట నెత్తికెత్తమంది.
ఎత్తాను.

నూటరవై ఆ పూటే ఇచ్చేశాను.
షేర్లు ఇంకా ఉన్నాయి.