ఇప్పుడు కొట్టు

సజ్జా క్యాంపు, పన్నెండో నంబరు రూము.
శుక్రవారం అంగట్ల పది దిర్హాములకు తెచ్చిన రిమోటు.
'అన్ని కంపెనీలకూ ఒక్కటే' అని అట్ట మీద ఉన్నది.
ఎర్ర బటన్ ఆన్ అనది, ఆఫ్ అనది,
ఉన్నదానికి ఉల్టా అంటది,
అంతే.

నొక్కితే టీవీ లేస్తది, డిష్ డబ్బా పంటది.
మళ్ళ నొక్కితే డబ్బా లేస్తది, టీవీ పంటది.
ఇన్‌పుట్ మార్చీ మార్చీ బొటనవేలు కాయ కాసింది,
నీలి తెర మీద 'సిగ్నల్ లేదు' తేలుతనే ఉన్నది.
ఏది మేలుకున్నదో రిమోటుకు తెల్వది.
దానికి నోరే గని
చెవుల్లేవు.

"మా మంచం లెక్కనే," అన్నడు ఓదెలు.
ఆయనది పగటి డ్యూటీ, నర్సింగానిది రాత్రిది,
పరుపొక్కటే.
ఈయన బూట్లిప్పేయాల్టికి ఆయన హెల్మెట్ దేవులాడుతుంటడు.

పక్క రూము ఖదీర్ భాయ్ వచ్చి
డబ్బా కన్నుకు అరచెయ్యి అడ్డం పెట్టి
"ఇప్పుడు కొట్టు" అన్నడు.
టీవీ ఒక్కటే లేచింది.
చెయ్యి తీసిండు. రెండూ కలిసినయి.
వార్తల్ల మానేరు వాగు నిండుగ పారుతున్నది,
అరగంట దాకా ఎవ్వరం చానల్ మార్చలే.

మొన్న నర్సింగానికి జ్వరం, డ్యూటీకి పోలే.
ఓదెలు వచ్చేసరికి మంచం ఖాళీ లేదు.
ఏడాదిన్నరల మొదటిసారి
ఇద్దరికీ ఒక్కటే రాత్రి.
టిఫిన్ డబ్బా చీకట్ల తడుముకున్నడు, దొరకలే.
లైటు స్విచ్చి నా తలాపున ఉన్నది.
నర్సింగం కండ్లకు అరచెయ్యి అడ్డం పెట్టి
మెల్లగ నాతోటి అన్నడు:
"ఇప్పుడు కొట్టు."