బిస్కెట్ల డబ్బా

కారుకి మంచు టైర్లు బిగిద్దామని
నేలమాళిగలోకి దిగాను.
బంగాళాదుంపల బస్తాల వెనక జాకీ కోసం తడుముతుంటే
చేతికి తగిలింది ఒక రేకు డబ్బా,
నాలుగు క్రిస్మస్‌ల కిందటిది.
కదిపితే గలగలమంది.

లోపల సాక్సులు. అన్నీ ఒంటివి. వాడివే.
వాషింగ్ మెషిన్ మింగేస్తోందని రద్మిల తిట్టుకున్నవి.
ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క:
నీలం గిన్నె అంచు,
మా అత్తగారి ఉప్పు సీసా మెడ,
గడియారం మీది గాజు, సగం,
ఎవరింటిదో నాకు తెలియని
పింగాణీ తలుపు పిడి.

మాది గాజు ఊరు. బొహీమియాకి ఉత్తరాన,
కొండ దిగితే జర్మనీ.
మా నాన్న గాజు ఊదేవాడు, తాత చెక్కేవాడు,
నాకు చల్లార్చే కొలిమి దగ్గర రాత్రి డ్యూటీ.
వేడి గాజుని ఒక్కసారిగా గాలికి వదిలేస్తే
పైన గట్టిపడి లోపల బిగుసుకుంటుంది.
చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది.
ఏదో ఒక మంగళవారం, ఎవరూ ముట్టుకోకుండానే
బీరువాలో పగులుతుంది.
అందుకే గంటకిన్ని డిగ్రీలని లెక్క పెట్టి,
పసిబిడ్డకి నీళ్లు తొలిపినట్టు, చల్లారుస్తాను.
అనుమానమొస్తే రెండు పలకల మధ్య పెట్టి లైటు వేస్తాను,
లోపలి బిగువు రంగులు రంగులుగా బయటపడుతుంది.
ఇరవై రెండేళ్లు. ఒక్క ఫిర్యాదు లేదు.

ఇంటికొచ్చేసరికి ఓపిక అయిపోయేది.

దెబ్బకు దయ్యం వదులుతుందంటారు.
నిజమే, మా క్రిష్టోఫ్‌ని వదిలేసింది.
ఐదో ఏట పాల గ్లాసుకి ఒకటి,
ఆరో ఏట కిటికీకి రెండు,
ఆ తర్వాత మా ఇంట్లో ఏదీ పగల్లేదు.
"మీవాడెంత బుద్ధిమంతుడో" అంది పక్కింటి జ్దెన్కా.
కాలర్ ఎగరేశాను.
వదిలిన దయ్యం ఎక్కడికి పోతుందో
ఎవరూ చెప్పరు.
ఇదిగో, ఇక్కడికి. బంగాళాదుంపల వెనక్కి.

అట్టడుగున ఒక పెద్ద సాక్సు. నాది.
అందులో కప్పు పిడి, తెల్లది, మీద ఒక చెర్రీ పువ్వు.
రద్మిల వాళ్లమ్మ పెళ్లికిచ్చిన ఆరింట్లో ఒకటి.
ఈస్టరు రాత్రి, మూడో సీసా తర్వాత,
నా మోచెయ్యి తగిలి పడింది.
ముక్కలు న్యూస్‌పేపర్లో చుట్టి
చెత్తబుట్ట అడుక్కి తోశాను.
పొద్దున అన్నాను: "పిల్లి."
వారం పాటు పిల్లికి వంటింటి గడప నిషేధం.
వాడు పాలు తాగుతూ నన్ను చూశాడు.
చూసి, మూతి తుడుచుకున్నాడు.
ఎప్పుడో చెత్తబుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి
నాది కూడా తెచ్చి
తనవాటి పక్కన దాచాడు.

ఎంతసేపు ఆ చలిలో కూర్చున్నానో తెలీదు.
టైర్లు మార్చలేదు.

భోజనాల దగ్గర చెప్పాను,
"ఆ కప్పు పిల్లి కాదు. నేను."
రద్మిల చెంచా గాల్లో ఆగింది.
వాడు నా మొహం చూడలేదు.
నా చేతుల వంక చూశాడు,
వాన పడుతుందేమోనని మబ్బు వంక చూసినట్టు.
"తెలుసు," అన్నాడు. "ఇంకొంచెం సూప్ కావాలి."

అంతే. కన్నీళ్లూ కౌగిలింతలూ ఏం లేవు.
డబ్బా తీసినచోటే పెట్టేశాను.

నిన్న రాత్రి బూట్లు తొడుక్కుంటున్నాను.
వంటింట్లో ఏదో పడింది.
సాసరు. మందం గాజు. చప్పుడుని బట్టి నాకు తెలుసు.
మా నాన్న గొంతు నా నోటిదాకా వచ్చింది.
పళ్ల వెనక ఆపాను.
ఒకటి. రెండు.
సాక్సు విప్పుతున్నాడా?
మూడు. నాలుగు.
టైర్లు ఇంకా మార్చలేదు, బస్సుకి టైమవుతోంది.
ఐదు.
గంటకిన్ని డిగ్రీలు, గంటకిన్ని.
ఆరు.

"చీపురు ఎక్కడుంది?"
గట్టిగానే అడిగాడు, ఇల్లంతా వినపడేలా.
చివర్లో కొంచెం వణికింది.