ఎనిమిది నిమిషాలు

కువైట్‌లో శుక్రవారం సంత. పాత కుక్కర్ల పక్కన
దుప్పటి మీద మగవాళ్ళ వాచీలు.
ఇరానీ ముసలాయన మూడు దీనార్లన్నాడు,
ఒకటిన్నరకి బేరం తెగింది.

అద్దం మీద గీత. ముళ్ళకి పసుపెక్కిన రేడియం.
వెనక మూత మీద చెక్కిన పేరు
సగం అరిగింది, ఎవరి మణికట్టు చెమటకో.

ఇది తొమ్మిదోది.
"ఫోన్‌లో టైము లేదా?" అని
రూములో ఓబులేసు నవ్వుతాడు.
ఉంది. అది కఫీల్ టైము.
మోగిందంటే బండి తీయాలి.

పడుకోబోతూ ఒక్కోదానికీ కీ ఇస్తాను.
గట్టిపడకముందే ఆపాలి,
లేదంటే స్ప్రింగు అలుగుతుంది.

ఈ కొత్తది రోజుకి ఎనిమిది నిమిషాలు
ముందుకు ఉరుకుతోంది.
బాగుచేయించను.
మళ్ళీ శుక్రవారానికి దగ్గర దగ్గర గంట,
ఎవరి కారూ తుడవని గంట.